నీ ఫైలు ఏ రకమో చూడకుండ సిస్టం కొనకు తమ్మీ

తమ్మీ, నువ్వు అడిగింది ఇది. నర్సంపేటల స్టూడియో, పెండ్లిళ్లు, ఫోక్ సాంగ్స్ రెండూ చేస్తున్నవు. కెమెరాలు సోనీ ఎఫ్ఎక్స్3 ఒకటి, ఏ7 మార్క్ 4 ఒకటి. ప్రీమియర్ ప్రోల టైమ్‌లైన్ మీద చెయ్యి పెడితే బొమ్మ ఆగి ఆగి నడుస్తున్నది. ఇప్పుడున్నది తొమ్మిదో తరం ఐ7, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660. షాపాయన 1,60,000 కొటేషన్ ఇచ్చిండు: ఐ9-14900కేఎఫ్ ప్రాసెసర్ చిప్పు, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, పేరు తెల్వని కంపెనీ ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే డబ్బా). "ఐ9 ఉంటే ఇంక ఢోకా లేదు గద అన్నా" అని అడిగినవ్.

ఢోకా ఉన్నది. ఆ కొటేషన్‌కు అడ్వాన్స్ ఇయ్యకు. ఆ చిప్పు చిన్నది కాదు, 24 కోర్లున్నయి. కాని నీ కెమెరాలు తీసే ఫైలును విప్పే అసలైన భాగం ఆ చిప్పులనూ లేదు, ఆ కార్డులనూ లేదు. రెండు చోట్లా సరిగ్గ అదే లేదు. ఇప్పటికంటె నయంగ నడుస్తది గాని, లక్షా అరవై వేలు పెట్టిన మనిషికి రావాల్సిన హాయి రాదు.

నేను హనుమకొండల మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) మొదలు పెట్టినప్పుడు మినీ డీవీ టేపులు. ఫైర్‌వైర్ వైరు పెట్టి గంట టేపును గంట సేపు కూసోని ఎక్కించుకునేటోళ్లం, గంటకు 13 జీబీ. ఆ ఫైల్ల ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాబట్టి విప్పుడు సులువు, పాత పెంటియం కూడా లాగేది. ఇప్పటి ఫైళ్లు అట్ల కాదు. కిరాణం ఖాతా పుస్తకంల మొదటి వరుస పూర్తిగ రాసి, కింద అంతా "పైదే, పైదే" అని గీతలు గీసుకుంట పోతరు చూడు, హెచ్.264, హెచ్.265 అట్లనే పని చేస్తయి. ఒక ఫ్రేము పూర్తిగ ఉంటది, తర్వాతి ఫ్రేములల ఏం మారిందో అదే ఉంటది. నువ్వు టైమ్‌లైన్‌ల నడుమ ఏడ్నో క్లిక్ చేస్తే, సిస్టం వెనక్కి పోయి పూర్తి ఫ్రేము వెతుక్కోని, అక్కడి నుంచి లెక్క కట్టుకుంట రావాలె. రెండు కెమెరాలు, మల్టీక్యామ్, పైన స్లో మోషన్ అంటే ఆ లెక్క ఒకేసారి నాలుగైదు చోట్ల నడవాలె. దీన్ని కోర్ల బలంతో చేస్తే చిప్పు చెమటలు కక్కుతది. ఈ ఒక్క పని కోసమే చిప్పుల, కార్డుల విడిగ ఒక చిన్న భాగం పెడ్తరు. దాన్నే హార్డ్‌వేర్ డీకోడర్ అంటరు. ఇంటెల్ దానికి క్విక్ సింక్ అని పేరు పెట్టింది, ఎన్విడియా ఎన్‌వీడెక్ అని పెట్టింది.

అసలు తిరకాసు ఇక్కడ ఉన్నది. అన్ని డీకోడర్లు అన్ని రకాల ఫైళ్లను విప్పవు. నువ్వు కెమెరాల 4:2:2 10 బిట్, అంటే రంగుల వివరం ఎక్కువ దాచే సెట్టింగ్, పెట్టి తీస్తున్నవు. రంగులు మంచిగ దిద్దుకోవచ్చు, ఆ పద్ధతి మానుకోమని నేను చెప్ప. కాని 40 సిరీస్ వరకు వచ్చిన ఎన్విడియా కార్డు ఏదీ 4:2:2 ఫైలును హార్డ్‌వేర్‌తో విప్పదు. అంటే 4060 ఏ కాదు, 4090 ఉన్నా అంతే. ఇంటెల్ల 11వ తరం నుంచి హెచ్.265 4:2:2 ఫైళ్లను క్విక్ సింక్ విప్పుతది. కాని క్విక్ సింక్ ఉండేది చిప్పుల కలిసున్న గ్రాఫిక్స్ భాగంల. పేరు చివర "ఎఫ్" ఉంటే ఆ భాగం లేనట్టు. మీ షాపాయన రాసింది 14900కేఎఫ్. ఆ ఒక్క అక్షరంతోని కొన్ని వందలు, ఒకోసారి వెయ్యి రెండు వేలు తగ్గిందని చూపిస్తరు. గేములు ఆడేటోనికి అది మంచి బేరమే. మనకు మాత్రం అదే ప్రాణం తీసేది.

ఇంకొక మెలిక ఉన్నది, ఇది చాలా మందికి తెల్వదు. నీ సోనీ కెమెరాల ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ అని పెడితే హెచ్.265, ఎక్స్ఏవీసీ ఎస్ అని పెడితే హెచ్.264. మనం పాల్ మోడ్‌ల, అంటే మన దిక్కు టీవీ పద్ధతిల, సెకనుకు 25 ఫ్రేములు తీస్తం. 25 ఫ్రేములకు హెచ్ఎస్ ఆప్షనే రాదు, 50కి మాత్రమే వస్తది, ఎఫ్ఎక్స్3లనైతే 100కి కూడా. కాబట్టి పెండ్లిల నువ్వు తీసేది సగానికి పైన ఎక్స్ఏవీసీ ఎస్, అంటే హెచ్.264 4:2:2 10 బిట్ అయి ఉంటది. ఆ రకాన్ని 13, 14వ తరం ఇంటెల్ క్విక్ సింక్ కూడా విప్పదు. ఎన్విడియా 50 సిరీస్ కార్డులు విప్పుతయి, హెచ్.264 అయినా హెచ్.265 అయినా. 2025ల ఆ కార్డులు వచ్చినప్పుడు మా అసోంటోళ్లకు పెద్ద ఊరట దొరికింది ఇందుకే.

నేను ఊహించి చెప్పుడు కన్న నువ్వే చూసుకో. మీడియాఇన్ఫో అని చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటది. దాంట్ల నీ క్లిప్పు వేస్తే ఏవీసీ అని వస్తే హెచ్.264, హెచ్ఈవీసీ అని వస్తే హెచ్.265. పక్కనే క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:0 (రంగుల వివరం తక్కువుండేది) నా 4:2:2 నా, 8 బిట్టా 10 బిట్టా రాసి ఉంటది. రెండు కెమెరాలవి, డ్రోన్‌ది, ఫోన్‌ది ఒకొక్క క్లిప్పు వేసి నాలుగు వరుసలు కాగితం మీద రాసుకో. సిస్టం కొనేటోళ్ల చేతిల ముందు ఉండాల్సిన కాగితం అదే, షాపు కొటేషన్ తర్వాత. ఎవలైనా 4:2:0 8 బిట్ తీస్తుంటే వాళ్లకు నేను ఇప్పుడు చెప్పబోయేదాంట్ల సగం ఖర్చు దండుగ. పాత కార్డులే హాయిగ లాగుతయి.

నీకు నేనైతే ఇట్ల పెడ్త. చిప్పు ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే. ఎనిమిది పెద్ద కోర్లు, పన్నెండు చిన్న కోర్లు, క్విక్ సింక్ లోపలే ఉంటది. 265కేఎఫ్ అని ఇస్తే తీసుకోకు. బడ్జెట్ బిగిసిపోతే అల్ట్రా 5 245కే సరిపోతది, పెండ్లి ఎడిటింగ్‌ల ఆ రెండింటి నడుమ తేడా కన్న కార్డుల తేడా ఎక్కువ కనవడ్తది. కార్డు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీది. ఇదే పేరుతోని 8 జీబీది కూడా అమ్ముతరు, బిల్లుల "16 జీబీ" అని రాయించుకో. ఫోక్ సాంగ్స్‌ల నువ్వు బొమ్మల నాయిస్ (చీకట్ల పడే చుక్కలు) తీసుడు, రంగులు దిద్దుడు, స్కై మార్చుడు అన్నీ చేస్తవు. బరాత్ రాత్రి పూట తీసిందానికి నాయిస్ రిడక్షన్ వేస్తే 4కే టైమ్‌లైన్ మీద 8 జీబీ నిండుడు ఎంతసేపు? నిండినంక కార్డు ఎంత వేగమైందైనా లాభం లేదు. 5070 వేగంల మెరుగు గాని దాంట్ల మెమరీ 12 జీబీ. ఎఫెక్టులు తక్కువ, ఎక్స్‌పోర్ట్ ఎక్కువ ఉన్నోళ్లకు అది. నీ పనికి నా ఓటు 16 జీబీకే.

ఏఎండీ రైజెన్ వద్దా అని అడుగుతరు. చిప్పులు మంచివే, 50 సిరీస్ కార్డు పక్కన పెడితే ప్రీమియర్ బాగనే నడుస్తది. నేను ఇంటెల్ దిక్కు మొగ్గేది రెండు కారణాలకు. క్విక్ సింక్ రెండో చెయ్యిలాగ ఉంటది, కార్డు రిపేరుకు పోయిన వారం హెచ్.265 పని ఆగదు. రెండోది, మన దిక్కు ఇప్పటికీ సగం మిక్సింగ్ యూనిట్లు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నయి, ఎడియస్ ఏండ్ల తరబడి క్విక్ సింక్‌నే నమ్ముకోని పెరిగింది. నీ దగ్గరికి వచ్చే ఎడిటర్ పిలగాడు ఎడియస్ మనిషైతే ఇది పనికొస్తది.

13, 14వ తరం పెద్ద చిప్పుల గురించి ఒక మాట. వాటిల వోల్టేజీ ఎక్కువై చిప్పు మెల్లగ దెబ్బ తినే లోపం ఉన్నదని ఇంటెల్లే 2024ల ఒప్పుకున్నది, దాన్ని సరిదిద్దే మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. కొత్తది తీసుకోని మొదటి రోజే మదర్‌బోర్డు బయాస్ అప్‌డేట్ చేస్తే భయం లేదు. సెకండ్ హ్యాండ్‌ల ఎవలైనా తక్కువకు ఇస్తమంటే మాత్రం ముట్టుకోకు. అప్‌డేట్ లేకుండ ఎన్ని నెలలు ఉరికించిండో మనకు ఎట్ల తెలుస్తది?

సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది ఉండాలె. 50 సిరీస్ కార్డు 4:2:2 విప్పే సౌకర్యం ప్రీమియర్‌ల 2025 వెర్షన్లతోనే వచ్చింది. నాలుగేండ్ల కింది క్రాక్ వెర్షన్ వేసుకోని, కార్డు కొత్తది పెట్టి, ఇదేంది మళ్ల ఆగుతున్నది అంటే తప్పు కార్డుది కాదు. నెల నెలా కట్టుడు భారమైతే డావిన్సీ రిజాల్వ్ స్టూడియో చూడు, 295 డాలర్లు ఒక్కసారి కడితే అయిపాయె. దాని ఉచిత వెర్షన్ విండోస్‌ల మన 10 బిట్ ఫైళ్లతోని ఇబ్బంది పెడ్తది, అది చూసి రిజాల్వ్ మంచిది కాదని అనుకోకు.

ర్యామ్ 64 జీబీ ఉంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిచినా ఊపిరాడ్తది. కాని 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎట్ల ఎగబాకినయో నీకు తెలిసిందే. ఇప్పటికి 16 జీబీవి రెండు పెట్టు, బోర్డు మాత్రం నాలుగు స్లాట్లది తీసుకో. తర్వాత ఇంకో రెండు వేస్తే డీడీఆర్5ల నాలుగు కడ్డీలకు వేగం కొంచెం తగ్గుతది, అది నిజమే. ఎడిటింగ్‌కు వేగం కన్న చోటు ముఖ్యం కాబట్టి నేను దానికి బాధపడ.

ఇగ స్టోరేజ్. ఆ కొటేషన్ల 1 టీబీ ఒక్కటే చూసి నాకు మనసున పట్టలేదు. లెక్క చూడు. ఎక్స్ఏవీసీ ఎస్ 25 ఫ్రేములు 4:2:2 అంటే సెకనుకు 140 మెగాబిట్లు, గంటకు 63 జీబీ. 50 ఫ్రేముల హెచ్ఎస్ 200 మెగాబిట్లు, గంటకు 90 జీబీ. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా రెండు కెమెరాలు చెరి ఐదు గంటలు నడిస్తే ఒక్క పెండ్లి 630 జీబీ. రిసెప్షన్, డ్రోన్, ప్రీ వెడ్డింగ్‌కు రామప్పనో లక్నవరమో పోయి తీసింది వేరే. మాఘమాసంల వారానికి మూడు పెండ్లిళ్లు పడితే ఏడ పెడ్తవు? విండోస్‌కు, సాఫ్ట్‌వేర్లకు 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ), నడుస్తున్న పనికి విడిగ 2 టీబీ ఎన్‌వీఎంఈ, అయిపోయిన పనికి 8 టీబీ హార్డ్ డిస్క్. ఎన్‌వీఎంఈ మరీ చవకది తీసుకుంటే మొదటి కొన్ని జీబీలు జోరుగ పోయి, తర్వాత కాపీ నత్తలాగ నడుస్తది, కెమెరా కార్డులు ఖాళీ చేసేటప్పుడే దాని రంగు బయట పడ్తది. హార్డ్ డిస్క్ తీసుకునేటప్పుడు సీఎంఆర్ దా అని అడుగు (డిస్క్ మీద రాసే పద్ధతి పేరు అది), ఎస్ఎంఆర్ అనే ఇంకో పద్ధతిది అయితే నిండినా కొద్ది మళ్ల మళ్ల రాసే పనిల మొరాయిస్తది. కాపీ అయినంక వెరిఫై చేసే సాఫ్ట్‌వేర్ వాడు, అది ఓకే అన్నదాక కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యకు.

ఇది ఎందుకు ఇంత గట్టిగ చెప్తున్ననో చెప్త. చాన ఏండ్ల కింద ఒక మే నెల, భూపాలపల్లి దిక్కు పెండ్లి ఒకటి ఎడిటింగ్‌ల ఉన్నది. నా సిస్టంల ఉన్న ఎస్ఎంపీఎస్ తక్కువ రేటుది, మీద స్టిక్కర్ మాత్రం ఘనంగ ఉండె. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చుడుల అది ఒక్కసారి టప్పుమన్నది. పోతూ పోతూ మదర్‌బోర్డును, రెండు హార్డ్ డిస్కులను తీసుకపోయింది. నా దగ్గర రెండు కాపీలు ఉండె. రెండూ అదే డబ్బాల ఉండె. హైదరాబాద్ పంపి డేటా తీయిస్తే జీలకర్ర బెల్లం, తలంబ్రాలు దొరికినయి, అప్పగింతలు దొరకలే. ఏడాది తిరగకముందే ఆ పిల్ల తండ్రి కాలం చేసిండు. ఆయన బిడ్డను అప్పగిస్తూ ఏడ్చిన వీడియో ఉన్నదా అని ఆ పిల్ల ఫోన్ చేసి అడిగింది. ఏం చెప్త నేను? అప్పటి నుంచి ప్రతి పెండ్లి మూడు చోట్ల పెడ్త: సిస్టంల ఒకటి, వైరు తీసి బీరువల పెట్టిన డిస్క్‌ల ఒకటి, ఆల్బమ్ ఇచ్చే రోజు పెండ్లోళ్ల చేతికే ఒకటి.

కాబట్టి ఎస్ఎంపీఎస్ దగ్గర రూపాయి చూసుకోకు. 265కే గట్టిగ పని చేసేటప్పుడు 250 వాట్ల దాక పోతది, 5060 టీఐ 180 వాట్లు. మంచి కంపెనీది 750 వాట్ల గోల్డ్ రేటింగ్‌ది తీసుకుంటే రేపు పెద్ద కార్డు పెట్టినా మార్చే పని ఉండదు. యూపీఎస్ డబ్బా మీద 1100 వీఏ అని ఉంటది గాని చాలా వాటిల అసలు వాట్లు 660 దగ్గరనే ఉంటయి, వీఏ చూసి మోసపోకుండ వాట్లు చూడు. అది ఇచ్చేది కొన్ని నిమిషాలే, సేవ్ చేసి ఆపుకునేందుకే. ఇంటి ఇన్వర్టర్ మీద సిస్టం నడుపుడు నేను ఒప్పుకోను, మారేటప్పుడు ఉండే జాగుకే చాలా సిస్టంలు రీస్టార్ట్ అయితయి.

ఎర్తింగ్ సంగతి ఎవలూ అడుగరు. మనూర్ల పాత ఇండ్లల, షట్టర్లల మూడో పిన్ను ఉత్తగ గోడకే ఉంటది. క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటదంటే అదే గుర్తు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కు ఎర్త్‌కు నడుమ వోల్టేజీ కొలిపించు, రెండు మూడు వోల్ట్‌ల లోపే ఉండాలె. ఎక్కువుంటే ముందు గుంత తవ్వించి ఎర్తింగ్ చేయించు, సిస్టం తర్వాత.

ఎండాకాలం మన గదులల 40 డిగ్రీలు సాధారణం, ఆ వేడి గాలినే సిస్టం పీల్చుకోవాలె. పేరు చివర కే ఉన్న చిప్పులకు డబ్బాల కూలర్ రాదు, విడిగ కొనాలె. రెండు ఫ్యాన్ల పెద్ద ఎయిర్ కూలర్ చాలు. నీళ్ల కూలర్ చూడ ముచ్చటగ ఉంటది గాని పంపు చెడితే నర్సంపేటల నీకు దొరికేది లేదు, సీజన్ల వారం పోతది. క్యాబినెట్ ముందు జాలి ఉన్నది, ఫిల్టర్ ఊడదీసి కడుక్కునేది తీసుకో. ముందు అద్దం, లోపల రంగుల లైట్లు ఉన్నదాంట్ల గాలి ఆడదు. గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు స్టూడియోలల బొగ్గు దుమ్ము, కరీంనగర్ దిక్కు గ్రానైట్ పొడి, విప్పి చూస్తే హీట్ సింక్ రెక్కల నడుమ ఫెల్ట్ గుడ్డ లెక్క పేరుకపోయి ఉంటది. రెండు నెలలకోసారి బ్లోయర్ పట్టు, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతో ఆపి పట్టుకో.

మానిటర్ 27 అంగుళాల ఐపీఎస్, ఎస్ఆర్‌జీబీ రంగులు పూర్తిగ వచ్చేది చాలు. గేమింగ్ కర్వ్‌డ్ వద్దు. మన పని జనం చూసేది టీవీల, ఫోన్ల.

కొనేది హనుమకొండల్నా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లనా అంటే, రెండు చోట్ల రేటు అడుగు, తేడా కొద్దిదైతే ఇక్కడనే కొను. ఏదైనా చెడితే మనిషి ఎదురుగ ఉండాలె. ప్రతి పార్టు సీరియల్ నంబరుతోని జీఎస్టీ బిల్లు తీసుకో, బిల్లు లేకుండ తగ్గిస్తమంటే వద్దను. వారంటీకి అదే ఆధారం, నీకు జీఎస్టీ నంబరు ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గ కూడా వస్తది. డబ్బులు ఇచ్చే ముందు నీ ఫైళ్లు ఒక ఎస్ఎస్‌డీల తీసుకపో. షాపుల ప్రీమియర్ తెరిచి, రెండు కెమెరాల ఫైళ్లు ఒకదాని మీద ఒకటి వేసి నడిపించు. టాస్క్ మేనేజర్ల జీపీయూ పేజీల వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటది. ఆడిస్తున్నప్పుడు అది లేవాలె, సీపీయూ గ్రాఫ్ తొణకకుండ ఉండాలె. గ్రాఫ్ పడుకోని సీపీయూ ఉరుకుతుంటే ఆ సిస్టం నీది కాదు.

1,60,000ల ఇదంతా ఇమడకపోవచ్చు. అప్పుడు 245కేకు దిగు, ర్యామ్ 32 తోనే ఆగు, పాత మానిటర్, పాత క్యాబినెట్ గాలి ఆడేదైతే అవే వాడు. ఎస్ఎంపీఎస్, కార్డు మెమరీ, రెండో ఎన్‌వీఎంఈ, బీరువల పెట్టే డిస్క్, ఈ నాలుగు మాత్రం తగ్గించకు.

బతుకమ్మ పాట ఒకటి చేతిల ఉన్నది, డేట్ దగ్గర పడ్డదన్నవు కదా. దానికోసం తొందరపడి కొనకు. ఇప్పుడున్న ఐ7 మీదనే ప్రీమియర్ల క్లిప్పులన్నీ ఎంచుకోని ప్రాక్సీ (కట్ చేసుకునేందుకు చిన్న నకలు ఫైళ్లు) చెయ్యమను, ప్రోరెస్ ప్రాక్సీ రకం, సైజు సగం కన్న తక్కువ. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయితది. పొద్దున ఆ చిన్న ఫైళ్ల మీద కట్ చేసుకో, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అదే అసలు ఫైలును పట్టుకుంటది. పాట ఇచ్చినంక మీడియాఇన్ఫోల వచ్చిన ఆ నాలుగు వరుసలు, కొత్త కొటేషన్ ఇక్కడ పెట్టు, వరుస వరుస చూసి చెప్త.